సామ్‌యాంగ్ 135 మి.మీ. ఎఫ్/2 లెన్సు: రెండు శీతాకాలాల వాడకం తర్వాత

విజయవాడలో ఉంటూ నెబ్యులాలను (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలను), నక్షత్ర గుచ్ఛాలను ఫొటో తీయాలనుకునేవారు సాధారణంగా ముందు టెలిస్కోపు ధరలు కనుక్కుంటారు. నేనూ చాలాకాలం అదే చేసి, చివరికి సామ్‌యాంగ్ 135 మి.మీ. ఎఫ్/2 లెన్సు కొన్నాను (ఎఫ్ పక్కనున్న సంఖ్య తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుతురు పడుతుంది). వానాకాలం, తుఫాన్లు, వెన్నెల, తెల్లవారుజామున కృష్ణ మీద నుంచి వచ్చే మంచు పోగా ఏడాదిలో మనకు మిగిలే మంచి రాత్రులు చాలా తక్కువ కాబట్టి, కొద్ది సమయంలోనే ఎక్కువ వెలుతురు పట్టగల పరికరం మనకు అవసరం. ఆ లెక్కన చూస్తే టెలిస్కోపు కన్నా ముందు కొనవలసింది ఈ లెన్సేనని రెండు శీతాకాలాల తర్వాత నమ్మకంగా చెప్పగలను.

2015లో వచ్చిన ఈ లెన్సులో 7 సమూహాలుగా అమర్చిన 11 గాజు కటకాలున్నాయి. ఆటోఫోకస్ లేదు, ఫోకస్, అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం పరిమాణం) రెండూ చేత్తో తిప్పి పెట్టుకోవాలి. బరువు దాదాపు 830 గ్రాములే కాబట్టి చిన్న స్టార్ ట్రాకర్ (నక్షత్రాల కదలికకు తగ్గట్టు కెమెరాను తిప్పే పరికరం) కూడా సునాయాసంగా మోస్తుంది. నా ఏపీఎస్-సి (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సారు గల) కెనాన్ కెమెరాకు తగిలిస్తే సుమారు 9.4 డిగ్రీల పొడవు, 6.3 డిగ్రీల వెడల్పు గల ఆకాశం ఫ్రేములోకి వస్తుంది. మృగవ్యాధుని (ఓరియన్) నడుములోని మూడు చుక్కలు, వాటి దగ్గరి గుర్రపుతల నెబ్యులా, కింద ఎం42 (ఓరియన్ నెబ్యులా) అన్నీ ఒకే చిత్రంలో ఇముడుతాయి.

ట్రాకర్ లేకుండా మాత్రం దీన్ని కొనవద్దు. ఒక్కో పిక్సెల్‌లో 5.7 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆకాశం పడుతుండగా ఖగోళ మధ్యరేఖ దగ్గర నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతాయి, అంటే అర సెకను గడవకుండానే చుక్క పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. ట్రాకర్‌ను ధ్రువ నక్షత్రానికి గురిపెట్టడమూ మన దగ్గర కొంచెం కష్టమే. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు కావడంతో ధ్రువ నక్షత్రం దిగంతానికి అంతే ఎత్తులో, మేడల వెనకో మంచు పొరలోనో ఉంటుంది. గురి కాస్త అటూ ఇటూ అయినా పొడవాటి టెలిస్కోపుతో పోలిస్తే 135 మి.మీ. దగ్గర ఆ తేడా అంతగా కనిపించదు.

ఎఫ్/2 దగ్గర పూర్తిగా తెరిచి తీస్తే ఏ లెన్సుకైనా మూలల్లో చుక్కల ఆకారం పరీక్షకు నిలవడం కష్టం కనుక నేను ఎఫ్/2.8 వాడతాను. వెలుతురు సగమవుతుంది, అయినా ఎఫ్/5.6 కిట్ లెన్సు కన్నా నాలుగు రెట్లు ఎక్కువే. అయితే అపెర్చర్ రింగు తిప్పి తగ్గిస్తే లోపలున్న తొమ్మిది రేకుల అంచుల వల్ల ప్రకాశవంతమైన ప్రతి చుక్క చుట్టూ పద్దెనిమిది కిరణాలు ఏర్పడతాయి. కొందరికి అవి అందంగా అనిపిస్తాయి, నాకు నచ్చవు. అందుకే గవర్నర్‌పేటలో కొన్న నల్లటి అట్టను గుండ్రంగా కోసి, మధ్యలో 48 మి.మీ. రంధ్రం చేసి, లెన్సు ముందు బిగించి, రింగును ఎఫ్/2 మీదే ఉంచాను. చుక్కలు ఇప్పుడు గుండ్రంగా, శుభ్రంగా వస్తున్నాయి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ఫోకస్ దగ్గర. రింగును అనంతం గుర్తు మీద ఆపితే చాలదు. లైవ్ వ్యూలో ఒక చుక్కను పది రెట్లు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా వెంట్రుకవాసి చొప్పున కదపాలి. గత ఫిబ్రవరిలో మాచర్ల దాటాక ఒక మిరప కల్లం పక్కన కెమెరా పెట్టి ఏడు గంటలకు ఫోకస్ చూసి, రింగు మీద టేపు అంటించి నిశ్చింతగా కూర్చున్నాను. చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరిగిపోయి, పది తర్వాత తీసిన నలభై ఫ్రేములు పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి గంటకోసారి తప్పకుండా చూస్తున్నాను. మంచు పట్టకుండా లెన్సు చుట్టూ పవర్‌బ్యాంకుతో వేడెక్కే పట్టీ కూడా చుడుతున్నాను. ఆ రాత్రి కల్లానికి కాపలా ఉన్న రైతు తెర మీద కృత్తికలను చూసి, "ఇది పిల్లలకోడే కదండీ, దానికి ఇన్ని పిల్లలా?" అన్నారు. కంటికి ఆరేడుగా కనిపించే చుక్కలు అక్కడ వందల్లో ఉన్నాయి, ఒక్క నిమిషం ఫ్రేములోనే వాటి చుట్టూ నీలి ధూళి లీలగా తెలుస్తోంది.

ప్రాసెసింగ్‌కు నేను ఉచితంగా దొరికే సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. లైట్ (అసలు ఆకాశం చిత్రాలు), డార్క్ (మూత పెట్టి అంతే సేపు తీసినవి), ఫ్లాట్ (సమానంగా వెలిగే తెల్లటి తెరను తీసినవి), బయాస్ (మూత పెట్టి అతి తక్కువ సమయంలో తీసినవి) ఫ్రేములను నాలుగు ఫోల్డర్లలో పెడితే వాటిని సరిదిద్ది కలిపే మిగతా పని అందులోని స్క్రిప్టే చేసుకుంటుంది. ఈ లెన్సుకు ఫ్లాట్‌లు తప్పనిసరి, ముఖ్యంగా ముందు అట్ట పెట్టినప్పుడు, ఎందుకంటే అంచులు బాగా చీకటిపడతాయి. తెల్లవారాక ఉతికిన తెల్ల పంచెను రెండు మడతలు వేసి లెన్సుకు కప్పి, ఫోకస్ కదపకుండా ముప్పై ఫ్లాట్‌లు తీస్తాను. తొమ్మిది డిగ్రీల ఫ్రేములో ఊరి వెలుగు ఒక పక్కే ఎక్కువగా పడుతుంది కనుక బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ (ఆ అదనపు వెలుగును లెక్కగట్టి తీసేయడం) కూడా అవసరమే. మృగవ్యాధుని ప్రాంతంలో దాదాపు అంతటా నెబ్యులా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ లెక్కకు అన్నిటికన్నా సరళమైన ఒకటో డిగ్రీ సెట్టింగుతో సరిపెట్టాలి. అంతకు మించితే వెలుగుతో పాటు నెబ్యులా కూడా తుడిచిపెట్టుకుపోతుంది. మార్పులు చేయని కెమెరాలో సెన్సారు ముందుండే ఫిల్టరు నెబ్యులాల్లోని హైడ్రోజన్ వెలువరించే 656 నానోమీటర్ల ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. మృగవ్యాధుని చుట్టూ ఉండే ఎర్రటి నెబ్యులా, బర్నార్డ్ వలయం, వెలవెలబోవడానికి కారణం అదే, ఆ లోటును లెన్సుకు అంటగట్టకూడదు.

గెలాక్సీల కోసమైతే దీన్ని కొనవద్దు. ఎం31 (ఆండ్రోమెడా గెలాక్సీ) ఫ్రేములో మూడో వంతు నిండుగా వస్తుంది గానీ ఎం51 (వర్ల్‌పూల్ గెలాక్సీ) సుమారు 115 పిక్సెళ్లకు మించదు. దక్షిణాన ఉన్న నెబ్యులాల విషయంలో మాత్రం మన అక్షాంశం కలిసివస్తుంది: జ్యేష్ఠ నక్షత్రం, దాని పక్కనున్న రంగుల ధూళి మేఘాలు ఇక్కడ దిగంతం నుంచి 47 డిగ్రీల ఎత్తుకు లేస్తాయి, ఈ ఫ్రేములో చక్కగా ఇముడుతాయి. మార్చిలో వెన్నెల లేని తెల్లవారుజాముల్లో అవి దక్షిణాన నిలిచి ఉంటాయి. నా తర్వాతి ప్రయాణం వాటి కోసమే.