మంచు ఊళ్లలో డెక్‌కి ఏ కాంపోజిట్ బోర్డు మంచిది: ట్రెక్స్, టింబర్‌టెక్, డెకరేటర్స్

మార్చి నెలలో షికాగోలోనో మినియాపోలిస్‌లోనో ఒక డెక్‌ని, అంటే ఇంటికి ఆనించి బోర్డులు పరిచి కట్టిన ఆరుబయటి అరుగుని, రోజంతా గమనించండి. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి బోర్డుల సందుల్లోకి, స్క్రూల చుట్టూ, రంపంతో కోసిన అంచుల్లోకి దిగుతుంది. పొద్దుగూకాక ఆ నీళ్లే గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు దొరక్కపోతే పక్కనున్నదాన్ని తోస్తుంది. మర్నాడు మళ్లీ కరిగి ఇంకాస్త లోపలికి పోతుంది. జనవరిలో వారాల తరబడి కదలకుండా గడ్డకట్టి ఉండే చలికంటే, ఇలా రోజూ కరిగి గడ్డకట్టే చలే డెక్‌కి ఎక్కువ చేటు చేస్తుంది. అందుకే మంచు ఊళ్లో బోర్డు కొనేటప్పుడు రంగుకంటే ముందు చూడాల్సింది నీళ్లు లోపలికి ఎటునుంచి వెళ్తాయన్నదే.

షాపులో కాంపోజిట్ అని అమ్మేవన్నీ ఒక్క జాతివి కావు. ఎక్కువగా దొరికేది చెక్కపొడి, పాలిథిలిన్ ప్లాస్టిక్ కలిపి చేసిన కోర్, అంటే లోపలి భాగం, దాని మీద గట్టి ప్లాస్టిక్ తొడుగు. ఈ తొడుగునే క్యాప్ అంటారు. 2010కి ముందు వచ్చిన పాతరకం బోర్డులు చాలావాటికి ఈ క్యాప్ ఉండేది కాదు. అవి నీళ్లు పీల్చి ఉబ్బడం, బూజు పట్టడం చూసినవాళ్లు ఇప్పటికీ కాంపోజిట్ అంటే భయపడతారు. ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు, కానీ క్యాప్ ఎన్ని వైపులా ఉందో తిప్పి చూడాలి. ట్రెక్స్ కంపెనీ బోర్డులకు పైన, రెండు పక్కలా క్యాప్ ఉంటుంది, అడుగున కోర్ బయటికే కనిపిస్తుంది. టింబర్‌టెక్ కాంపోజిట్‌లో లెగసీ, రిజర్వ్ రకాలకు నాలుగు వైపులా ఉంటుంది. నేలకి ఐదారు అడుగుల ఎత్తులో, కింద గాలి బాగా ఆడే డెక్‌కి ఈ తేడా పెద్ద లెక్కలోది కాదు, అడుగున పట్టిన తడి ఆరిపోతుంది. డెక్ నేలకి అడుగు ఎత్తులోపే ఉండి, కింద మంచు ఏప్రిల్ దాకా కరక్కుండా ఉంటే మాత్రం నాలుగు వైపులా మూసి ఉన్నదే తీసుకోవాలి.

ట్రెక్స్ ఎన్‌హాన్స్, టింబర్‌టెక్ ప్రైమ్ లాంటి చౌక రకాల అడుగు చదునుగా ఉండదు, పొడుగునా గాడులు తీసి ఉంటుంది. సరుకు తగ్గించి ధర తగ్గించడానికి అలా చేస్తారు. డెక్ మధ్యలో వేయడానికి ఇవి ఫర్వాలేదు. మెట్లకి, చుట్టూ వేసే బోర్డర్‌కి మాత్రం వద్దు. అక్కడ కోసిన అంచు బయటికి కనబడుతుంది, మంచు పార తగిలేదీ అక్కడే. ఆ నాలుగైదు బోర్డులు అడుగు చదునుగా ఉన్న రకంలో అదే రంగుకి దగ్గరగా కొనుక్కోవడం మంచి పద్ధతి.

రెండో జాతి పీవీసీ. టింబర్‌టెక్ అడ్వాన్స్‌డ్ పీవీసీ, అంటే ఒకప్పుడు ఆజెక్ పేరుతో వచ్చినది, ఇందులో చెక్క అసలు ఉండదు. నీళ్లు పీల్చదు, కాబట్టి గడ్డకట్టి పగిలే గొడవ దాదాపు లేదు. బరువూ తక్కువ. కానీ ధర ఎక్కువ, చలికి ముడుచుకోవడమూ ఎక్కువ. మూడోది డెకరేటర్స్ వాళ్ల వాయేజ్ రకం. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో చెక్కపొడికి బదులు ఖనిజం కలుపుతారు. తడికి ఉబ్బదు, వేడికీ చలికీ సాగడం, ముడుచుకోవడం చాలా తక్కువ. ఒక్క చలి ఊరి లెక్కే చూస్తే నా ఓటు దీనికే. అయితే అన్ని ఊళ్లలోనూ స్టాకు ఉండదు, కావలసిన రంగుకి ఆర్డరు పెట్టి ఆగాల్సిరావచ్చు.

అమెరికాలో ఈ బోర్డులకి ఏఎస్‌టీఎం డీ7032 అనే ప్రమాణం ఉంది. అందులో ముక్కని నీళ్లలో నానబెట్టి, గడ్డకట్టించి, మళ్లీ మామూలు వేడికి తెచ్చి, ఆ తర్వాత వంచి బలం ఎంత తగ్గిందో చూసే పరీక్ష ఒకటుంది. మీరు చూస్తున్న రకం అది నెగ్గిందో లేదో బోర్డుకి అంటించిన లేబుల్ మీదా, కంపెనీ పత్రాల్లోనూ ఉంటుంది. చిన్న పరీక్ష ఇంట్లోనూ చేయొచ్చు. శాంపిల్ ముక్క తెప్పించి, ఒక కొస రంపంతో తాజాగా కోసి, వంటింటి కాటా మీద గ్రాముల్లో తూచండి. ఒక రోజు బకెట్ నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. ఆ రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున తీయండి. ఇలా మూడు సార్లు చేశాక కోసిన కొసని వెలుతురులో పట్టుకుని వేలి గోరుతో గీకండి. చెక్కపొడి రాలుతోందా, క్యాప్‌కీ కోర్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు పడిందా అన్నది తెలిసిపోతుంది. సేల్స్‌మన్ చెప్పే ఏ మాటకంటే ఈ ముక్కే నిజం చెబుతుంది.

ఇక కదలిక సంగతి. చెక్కపొడి కాంపోజిట్ ఒక్కో డిగ్రీ ఫారెన్‌హీట్‌కి తన పొడవులో సుమారు లక్షలో రెండు వంతులు మారుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. 16 అడుగుల బోర్డు అంటే 192 అంగుళాలు. మినియాపోలిస్‌లో జనవరి రాత్రి మైనస్ 20 నుంచి జూలై ఎండలో బోర్డు పైన 140 దాకా, తేడా 160 డిగ్రీలు. అంటే అర అంగుళం పైమాటే. పీవీసీ ఇంకా ఎక్కువ కదులుతుంది. ఎండాకాలంలో కొసకి కొస తాకించి బిగించిన బోర్డుల మధ్య జనవరిలో పెన్సిల్ దూరేంత సందు పడేది ఇందుకే. చలిలో సందు వదలకుండా బిగిస్తే జూలైలో అవి ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి. ట్రెక్స్ సూచనల్లో 40 డిగ్రీలు గీత. అంతకంటే వెచ్చగా ఉంటే కొసల మధ్య 1/8 అంగుళం, చల్లగా ఉంటే 3/16 అంగుళం సందు వదలాలి. గోడకి ఆనే చోట ఇంకా ఎక్కువ కావాలి. అసలు కొసల జాయింటే లేకుండా డెక్ మధ్యలో ఒక అడ్డ బోర్డు పెట్టి, ఇటూ అటూ పొట్టి బోర్డులు వేయించుకోవడం అన్నిటికంటే మేలు. జాయింటు తప్పకపోతే దాని కింద రెండు జాయిస్టులు, అంటే బోర్డులు ఆనే ఫ్రేము దూలాలు, పక్కపక్కన ఉండాలి, ఒక్కో కొసకి ఒక్కోటి. ఒకే జాయిస్టు మీద రెండు కొసలు పెట్టి అంచున స్క్రూ దించితే చలిలో ఆ అంచే చీలుతుంది.

పక్కపక్క బోర్డుల మధ్య పావు అంగుళం వదిలించండి. సందు ఇరుకైతే ఆకులు, మేపుల్ గింజలు ఇరుక్కుని మురిగి, వాటిలో నీళ్లు నిలిచి గడ్డకడతాయి. ఏటా అక్టోబరు చివర్లో పుట్టీ కత్తితో సందులన్నీ గీకి శుభ్రం చేయాలి. ఇది తప్పదు.

బాగా చలిగా ఉన్న రోజు పని పెట్టుకోవద్దు. గడ్డకట్టే చలిలో క్యాప్ పెళుసుగా ఉంటుంది, కొసకి దగ్గరగా స్క్రూ దించితే చిట్లుతుంది. తప్పనిసరైతే ముందు డ్రిల్‌తో రంధ్రం వేసి, కాంపోజిట్‌కి చేసిన స్క్రూలే వాడాలి. మామూలు చెక్క స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ పుట్టగొడుగులా పైకి లేస్తుంది. ఆ ఉబ్బు చుట్టూ నీళ్లు నిలుస్తాయి.

బోర్డు ఎంత మంచిదైనా కింద ఫ్రేము చెక్కదే. డబ్బు చాలకపోతే బోర్డులో ఒక మెట్టు తగ్గి ఫ్రేములో పెట్టండి. ప్రతి జాయిస్టు పైఅంచునా బ్యూటైల్ టేపు, అంటే రబ్బరులా సాగే జిగురు టేపు, అంటించాలి. స్క్రూ దిగిన చోట టేపు దాన్ని పట్టుకుని నీళ్లు చెక్కలోకి పోనివ్వదు. ఇంటి గోడకి బోల్టు చేసే దూలం, అంటే లెడ్జర్ మీద, నీళ్లని బయటికి మళ్లించే రేకు (ఫ్లాషింగ్) లేకపోతే ఇంటి గోడే చెడుతుంది. పునాది విషయంలో రాజీ లేదు. మిషిగన్, షికాగో, దక్షిణ మినిసోటాల్లో 42 అంగుళాలు, ఉత్తర మినిసోటాలో 60, టొరంటోలో 1.2 మీటర్ల లోతుకి పోవాలి. అంతకంటే పైన ఆపితే గడ్డకట్టే నేల స్తంభాన్ని పైకి లేపుతుంది, ఇంటికి బిగించిన వైపు మాత్రం కదలదు. అప్పుడు మెలితిరిగేది డెక్కే, నింద పడేది బోర్డు మీద.

మంచు తీయడానికి ప్లాస్టిక్ పారే వాడాలి, అదీ బోర్డు పొడుగునా తోయాలి. లోహపు అంచు క్యాప్‌ని గీస్తే ఆ గీత పోదు. కాల్షియం క్లోరైడ్ గానీ రాక్ సాల్ట్ గానీ బోర్డుని పాడుచేయవు. మరకలా తెల్లటి పొడి మిగులుతుంది, మంచు కరిగాక కడిగేయాలి. ఉప్పు తినేది హ్యాంగర్లనీ (జాయిస్టుల కొసల్ని పట్టి ఉంచే లోహపు బిగింపులు) స్క్రూలనీ. కాబట్టి జింక్ పూత పూసినవి వేస్తే రెండూ అవే, స్టెయిన్‌లెస్ అయితే రెండూ స్టెయిన్‌లెస్. కలపొద్దు. నూగుమంచు పట్టినప్పుడు ఏ కంపెనీ బోర్డైనా జారుతుంది. ఇంట్లో అమ్మానాన్నలు ఉంటే బాగా గీతలు తేలిన రకం చూసుకుని, తలుపు దగ్గర రబ్బరు మ్యాట్ వేయండి.

మన ఇళ్లలో డెక్ మీద గ్యాస్ పొయ్యి పెట్టి బజ్జీలు, అరిసెలు వేయడం మామూలే. నూనె మరక మూడు వైపుల క్యాప్ మీదైనా సబ్బునీళ్లతో పోతుంది, వెంటనే కడగాలి అంతే. పొయ్యి కింద మాత్రం వేడిని ఆపే మ్యాట్ తప్పనిసరి. ప్లాస్టిక్ వేడికి మెత్తబడి కుంగితే బాగుచేయడం లేదు, బోర్డు మార్చడమే. కిటికీల లో-ఈ అద్దం (వేడిని వెనక్కి కొట్టే పూత ఉన్నది) నుంచి పరావర్తనమైన ఎండ ఒకేచోట పడినా అదే జరుగుతుంది.

12 × 16 అడుగుల డెక్‌కి లెక్క ఇదీ. బోర్డు వెడల్పు 5.5 అంగుళాలు, సందుతో 5.75. 144 అంగుళాలకి 25 బోర్డులు, ఒక్కోటి 16 అడుగులు. జాయిస్టులు 16 అంగుళాల దూరంలో 13, వాటికి 156 అడుగుల టేపు, 50 అడుగుల చుట్టలు నాలుగు. సందుల్లో బోర్డుల్ని జాయిస్టులకి బిగించే క్లిప్పులు 325. 90 ఉండే డబ్బాలైతే నాలుగు. బోర్డులు మాత్రం 28 తెప్పించండి. కోతలో పోయినవి పోగా ఒక్కటి మిగిలితే గరాజ్‌లో చదునుగా పడుకోబెట్టి దాచండి. కంపెనీ ఆ రంగు ఆపేశాక ఒక బోర్డు మార్చాల్సి వస్తే అదే అక్కరకొస్తుంది.