ఆంటోనియో వరియసోయిష్ సొంతూరికి మా ప్రయాణం

జూన్ 12 రాత్రి లిస్బన్‌లోని ఆల్ఫామా పేటలో గది తీసుకోవద్దని ముందే చెబుతున్నాను. అది సెయింట్ ఆంటోనీ పండుగ రాత్రి. సందుసందునా సార్డీన్ చేపలు కాలుస్తారు, తెల్లవారేదాకా పాటలు ఆగవు. ఇది తెలిసే వెళ్ళాం, ఎందుకంటే మా అబ్బాయి అమితంగా అభిమానించే గాయకుడు, గీతరచయిత ఆంటోనియో వరియసోయిష్ 1984లో సరిగ్గా ఆ పండుగ నాడే, జూన్ 13న, 39 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

సందడిని భరించాం గానీ బస యజమాని చేసిన పనిని భరించలేకపోయాం. మూడు నెలల ముందే రాత్రికి 96 యూరోల చొప్పున మేము మాట్లాడుకున్న రెండో అంతస్తు గదిలో నీళ్ళు రావడం లేదని చెప్పి, వెనుక వీధిలో కిటికీ లేని నేలమాళిగలోకి పంపి, పండుగ రుసుము పేరుతో మరో 40 యూరోలు రసీదు లేకుండా తీసుకున్నాడు. మనిషికి రాత్రికి 4 యూరోల నగర పన్ను న్యాయమైనదే, దానిని మారుమాట లేకుండా చెల్లించాం. ఈ 40 యూరోలకు మాత్రం ఏ ఆధారమూ లేదు. గోడల చెమ్మకు మా శ్రీమతి రాత్రంతా దగ్గుతూ కూర్చునే ఉంది, మరునాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పోర్చుగల్‌లో ప్రజలకు సేవలందించే ప్రతి చోటా ‘లివ్రు ద రిక్లమసోయిష్’ అనే ఫిర్యాదుల పుస్తకం ఉంచడం చట్టరీత్యా తప్పనిసరి. అడిగితే లేదన్నాడు. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చని మా అబ్బాయి ఫోన్ తెరిచి చూపించాక 40 యూరోలూ బల్ల మీద పెట్టాడు. ఆ పుస్తకం పేరు నేర్చుకోకుండా ఎవరూ అక్కడికి వెళ్ళవద్దు.

వరియసోయిష్ మంగలి దుకాణం నడిపిన రువా ద సావ్ జోసే వీధినీ, ఆయన అంత్యక్రియలు జరిగిన ఎస్త్రేలా బసిలికా చర్చినీ ఒక్క పూటలో చూశాం.

ఆయన సొంతూరికి దారిలో ఉన్న బ్రాగా నగరానికి రైలులో మూడున్నర గంటలు పట్టింది, టికెట్టు మనిషికి 36 యూరోలు. ముందుగా కొంటే తగ్గింపు దొరుకుతుంది, మేము ఆలస్యం చేశాం. తన సంగీతం ఎలా ఉండాలని అడిగితే బ్రాగా కథీడ్రల్‌కూ న్యూయార్క్‌కూ నడుమ ఉండాలని వరియసోయిష్ అన్నారట. మనం ‘తాతల నాటిది’ అన్నట్టే పోర్చుగీసువారు ‘బ్రాగా కథీడ్రల్ కంటే పాతది’ అంటారు. 1089లో ప్రతిష్ఠ జరిగిన ఆ రాతి గోడల దగ్గర నిలబడ్డాకే ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. రైతు కుటుంబంలో పుట్టి, 12 ఏళ్ళకే పని కోసం లిస్బన్ చేరి, అంగోలాలో సైనిక సేవ చేసి, ఆమ్‌స్టర్‌డామ్‌లో క్షౌరవిద్య నేర్చి, స్వరలిపి రాయడం రాక బాణీలను క్యాసెట్లలో పాడి దాచుకున్న మనిషి, 1983లో ‘అంజు ద గ్వార్ద’, 1984లో ‘దార్ ఇ రిసెబేర్’ అనే రెండే ఆల్బమ్‌లతో దేశపు రాక్, పాప్ సంగీతాన్ని మార్చారు. ఆ క్యాసెట్లలో మిగిలిపోయిన పాటలను 2004లో ‘ఉమానుష్’ బృందం పాడితే కొత్త తరం మళ్ళీ ఆయన వెంటపడింది.

బ్రాగా నుంచి ఆయన పుట్టిన ఫిష్కాల్‌కు టాక్సీకి 19 యూరోలు అయింది. ఆ ఊరున్న అమారిష్ ప్రాంతమంతా నారింజ చెట్లు, ద్రాక్ష పందిళ్ళు. భోజనశాలలో శాకాహారం దొరకదనుకుంటూనే అడిగితే, వంట చేసే పెద్దావిడ బంగాళదుంప, ఆకుకూరలతో చేసే కాల్దు వెర్ద్ సూపును మాంసపు ముక్క వేయకుండా వడ్డించి, మొక్కజొన్న రొట్టె ఇచ్చి, ముగ్గురికీ కలిపి 14 యూరోలే తీసుకుంది. రొట్టెను సూపులో ముంచుకుని తింటూ, లిస్బన్ వదిలాక మొదటిసారి మా శ్రీమతి నవ్వింది. మేము ఆ గాయకుడి కోసం వచ్చామని తెలిసి, పెద్దావిడ గరిటె పక్కన పెట్టి ఒక పాట పల్లవి అందుకుంది. మా అబ్బాయి గొంతు కలిపాడు. బ్రాగాకు తిరుగు టాక్సీని ఆ పాట అయ్యాకే పిలిచాం.