కాసియో ఎఫ్-91డబ్ల్యూ: చవక వాచీలో ఇంత పనితనమా!

గడియారాలు రిపేరు చేసేవాణ్ణి కాబట్టి ఏ వాచీ చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. చవక వాచీల్లో చాలావాటికి వెనక మూత నొక్కి బిగించేస్తారు. దీనికి మాత్రం స్టీలు మూత, మూలకొకటి చొప్పున నాలుగు స్క్రూలు, లోపల రబ్బరు రింగు. ఆ మూత విప్పాకే నాకు దీని మీద గౌరవం పెరిగింది. ఈ ధరలో అంత శ్రద్ధ ఎవరు పెడతారు చెప్పండి?

1989లో ర్యూసుకే మొరియాయ్ గీసిన రూపం ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. మందం 8.5 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాములు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకున్నా మణికట్టు దగ్గర అడ్డం పడదు. సీఆర్2016 బ్యాటరీ ఏడేళ్లు వస్తుందని కంపెనీ లెక్క. టైమ్‌లో తేడా నెలకు 30 సెకన్లకు మించదట.

లైటు బలహీనం. ఎడమ పక్కన ఒకే చిన్న పచ్చ ఎల్‌ఈడీ కావడంతో కుడివైపున్న సెకన్లు చీకట్లో సరిగ్గా కనపడవు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లు ఇది చూసుకుని కొనండి. అద్దం ప్లాస్టిక్, గీతలు పడతాయి. చేతులు కడుక్కున్నా, వానలో తడిసినా ఫరవాలేదు. ఈతకు మాత్రం వద్దు. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29ని మనమే సెట్ చేసుకోవాలి.

నకిలీలు బాగా తిరుగుతున్నాయి. కుడి బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే తెర మీద కాసియో అని రావాలి. రాకపోతే కొనకండి.