మధ్యాహ్నం మూడుకే చచ్చే ఫోను రాత్రి పదింటి దాకా ఎలా వచ్చిందంటే

2022 డిసెంబరులో కొన్న ఫోను ఇది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, అమోలెడ్ స్క్రీన్, రెండు సిమ్‌లు. కంపెనీ పేరు అనవసరం, ఈ ధరలో వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకే తాను ముక్కలు. నాది విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం. ఉండేది మార్కాపురంలో. వారంలో నాలుగు రోజులు బండి మీద ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు తిరుగుడే. రైతుల ఫోన్లు, డీలర్ల ఆర్డర్లు, చేలల్లో తీసే ఫొటోలు అన్నీ ఇందులోనే.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. పొద్దున ఏడింటికి ఫుల్ చార్జింగ్‌తో బయల్దేరితే రాత్రి పదింటికి ఇంకా పాతిక శాతం మిగిలేది. 2024 ఎండాకాలానికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికే ఎర్ర గీత. డీలర్ కొట్టులోకి అడుగు పెట్టగానే 'అన్నా, ప్లగ్గు ఎక్కడ?' అని అడగడం అలవాటైపోయింది.

బ్యాటరీ మిగులుస్తానని చెప్పుకునే యాప్ ఒకటి ముందు వేసుకున్నాను. గంటకో ప్రకటన, పూటకో నోటిఫికేషన్. అది తినేదే ఎక్కువ. రెండో రోజే తీసేశాను. మా బావమరిది ఇంకోటి నేర్పాడు: వాడిన ప్రతి యాప్‌నూ వెంటనే పైకి తోసి మూసెయ్యమని. నెల రోజులు శ్రద్ధగా తోశాను. నయా పైసా ఉపయోగం లేదు. వాడనప్పుడు యాప్‌లను ఆండ్రాయిడే నిద్రపుచ్చుతుంది. మనం మూసేస్తే తెరిచిన ప్రతిసారీ వాట్సాప్ మళ్లీ మొదటి నుంచి లేవాలి, దానికే చార్జింగ్ ఖర్చు.

అసలు దొంగ దొరికింది శ్రీశైలం ఘాట్‌లో. దోర్నాల నుంచి పైకి దాదాపు 50 కిలోమీటర్లు, అంతా నల్లమల అడవే. ఫోను జేబులోంచి ఒక్కసారి కూడా తీయలేదు. పైకెళ్లి చూస్తే 11 శాతం దిగిపోయింది, పైగా ఫోను వెచ్చగా ఉంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిచి చూస్తే అన్నిటికన్నా పైన ఉన్నది మొబైల్ నెట్‌వర్క్! టవర్ దూరమయ్యేకొద్దీ ఫోను తన సిగ్నల్ బలం పెంచి అరవాల్సి వస్తుంది. అసలు టవరే లేకపోతే వెతుకుతూనే ఉంటుంది. తర్వాతి ట్రిప్పులో దోర్నాల చెక్‌పోస్టు దగ్గరే ఫ్లైట్ మోడ్ పెట్టాను. పైకి చేరేసరికి దిగింది 2 శాతం.

అప్పుడు రెండో సిమ్ సంగతి గుర్తొచ్చింది. నేను తిరిగే ఊళ్లలో సగం చోట్ల దానికి సిగ్నలే ఉండదు. బ్యాంకు ఓటీపీల కోసం పెట్టుకున్న సిమ్ అది, రోజంతా టవర్ కోసం దేవులాడుతూ కూర్చునేది. ఇప్పుడు పొద్దున ఆఫ్ చేస్తాను, ఇంటికొచ్చాక ఆన్ చేస్తాను. 5జీ కూడా మా వైపు వస్తూ పోతూ ఉంటుంది, అందుకే 4జీకి మార్చేశాను. నాకు ఎక్కువగా కలిసొచ్చింది ఈ మూడు పనులే. మిగతావి చిల్లర.

డార్క్ మోడ్ గురించి మాత్రం కొంచెం చెప్పాలి. అమోలెడ్‌లో నల్లగా కనిపించే చోట చుక్కలు నిజంగానే ఆరిపోతాయి, కాబట్టి ఆదా నిజమే. మా ఆవిడది ఎల్‌సీడీ ఫోను. దానికి వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, డార్క్ మోడ్ పెట్టినా పెద్దగా తేడా లేదు. నా తిప్పలు వేరే. ఎర్రటి ఎండలో చేలో నిలబడితే డార్క్ మోడ్‌లో ఒక్క అక్షరం కనపడి చావదు. పగలు మామూలు స్క్రీన్, రాత్రికి నలుపు. రిఫ్రెష్ రేటు, అంటే స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీసుకుంటుందో ఆ లెక్క, 120 నుంచి 60 హెర్ట్జ్‌కి తగ్గించాను, రెండు రోజులు స్క్రీన్ ఈడ్చినట్టు అనిపించి తర్వాత అలవాటైంది.

బ్యాటరీని నిజంగా పాడు చేసింది నేనే. మే నెల ఎండలో బండి హ్యాండిల్‌కి ఫోను తగిలించి, మ్యాప్ ఆన్ చేసి, పవర్ బ్యాంక్‌తో చార్జింగ్ కూడా పెట్టేవాణ్ని. కాసేపటికి కాలిపోయేది, చార్జింగ్ ఆగిపోయేది, స్క్రీన్ మసకబారేది. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. అందులోనూ నిండుగా చార్జయి ఉన్నప్పుడు వేడెక్కితే ఇంకా తొందరగా అరిగిపోతుంది. ఇప్పుడు ఫోను బ్యాగులో ఉంటుంది. దారి తెలియకపోతే టీ కొట్టు దగ్గర ఆగుతాను, మ్యాప్ కన్నా వాళ్లే బాగా చెబుతారు. ఇంటి దగ్గరుండే రోజుల్లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టుకున్నాను. ఫీల్డుకెళ్లే రోజు మాత్రం ఫుల్లే, ఆ 20 శాతం వదులుకునే స్తోమత నాకు లేదు.

ఇవన్నీ చేశాక సాయంత్రం ఆరింటి దాకా వచ్చింది. అప్పటికే అరిగిన బ్యాటరీ అంతకు మించి ఇవ్వలేకపోయింది. కక్కుర్తిపడి ఒక చిన్న షాపులో 700 రూపాయలకు మార్పించాను. మూడు నెలలకే ఉబ్బి వెనక మూత ఒక పక్క లేచింది. అలా ఉబ్బిన ఫోన్ని నొక్కి సర్దొద్దు, చార్జింగ్ అసలే పెట్టొద్దు. మర్నాడే ఒంగోలు వెళ్లి సర్వీస్ సెంటర్‌లో 1,900 పెట్టి అసలుది వేయించాను. ముందే ఆ పని చేసి ఉంటే 700 మిగిలేవి.

ఏడాది దాటింది. రాత్రి పదింటికి మళ్లీ 20, 25 శాతం కనపడుతోంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ శ్రీశైలం వెళ్లే రోజు మాత్రమే బ్యాగులో పడుతుంది. దాంతో రెండుసార్లు ఫుల్ అవుతుందని లెక్కేసుకోకండి. వోల్టేజి మార్పిడిలో కొంత పోతుంది, నాకు ఒకటింపావు సార్లే వస్తోంది.

ఒక్కదాన్ని మాత్రం ఏమీ చేయలేకపోయాను. మా ఆఫీసు హాజరు యాప్ రోజంతా లొకేషన్ చూస్తూనే ఉంటుంది. ఒకసారి దాని బ్యాక్‌గ్రౌండ్ వాడకం ఆపేస్తే సగం రోజు సెలవు కింద రాశారు. రోజుకు 8 శాతం దానికి సమర్పయామి.