గాంధీ రోడ్డు సందులో పాత రికార్డుల దుకాణం: పనితనం మెచ్చదగినది, చీటీలు సరిచేయవలసినవి

తిరుపతి గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో పాత గ్రామఫోన్ రికార్డులు అమ్ముతూ, ప్లేయర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ముందు అరల్లో ఘంటసాల పద్యాలు, పాత సినిమా పాటలు ఉంటాయి. నేను వెళ్లింది మాత్రం వెనక గోడవారగా పేర్చిన 1950ల నాటి అమెరికన్ రాక్ అండ్ రోల్ రికార్డుల కోసం. రెండు నెలల్లో నాలుగుసార్లు వెళ్లి, ఆరు రికార్డులు కొని, మా పెదనాన్నగారి ప్లేయరును బాగుచేయించుకున్నాక ఇది రాస్తున్నాను.

మొదట మరమ్మతు సంగతి చెప్పాలి. అమెరికాలో కొన్న ఆ ప్లేయరుకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి తగ్గించినా పాటలన్నీ సాగదీసినట్టు వినబడేవి. ఎల్విస్ ప్రెస్లీ గొంతు ఇంకెవరిదో అనిపించేది. అంతకుముందు చూపించిన చోట మోటారు అరిగిపోయిందని, మార్చక తప్పదని అన్నారు. ఈ దుకాణదారు మోటారు మీద ముద్రించిన 60 హెర్ట్జ్ అన్న మాట చూసి కారణం చెప్పారు. ఆ రకం మోటారు వేగం కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, నిమిషానికి 45 చుట్లు తిరగవలసిన రికార్డు 37.5 చుట్లే తిరుగుతోంది, శ్రుతి సుమారు మూడు స్వరస్థానాలు దిగిపోతోంది. ఆయన మోటారు ఇరుసు మీది చిన్న కప్పీకి బదులు, అంతకంటే కొంచెం లావైనది లేతు మీద చేయించి బిగించారు. ఆ సాయంత్రం చక్ బెర్రీ గిటారు దాని అసలు శ్రుతిలో పలికినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

రికార్డుల అమ్మకంలోనూ నిజాయితీ ఉంది. ప్రతిదాన్నీ ముల్లు కింద పెట్టి వినిపించాకే డబ్బు తీసుకుంటారు. పైన గీతలున్న ఒక రికార్డును నేను పక్కన పెట్టబోతే, "చూసేదానికి కాదు సార్, వినేదానికి కదా కొనల్ల" అని వేసి చూపించారు. నిజంగానే శుభ్రంగా పలికింది. నడుమ పెద్ద రంధ్రమున్న అమెరికన్ 45లకు అమర్చే ప్లాస్టిక్ బిళ్ళను ఉచితంగా ఇస్తారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల గాడి వెడల్పు కనుక వాటికి వేరే ముల్లు వాడాలని అడగకుండానే చెబుతారు.

నా అభ్యంతరమల్లా కవర్ల మీద అతికించిన "నంబర్ వన్ హిట్" చీటీల గురించే. ఆ కాలానికి అది చాలని మాట. అమెరికన్ సంగీత పత్రిక బిల్‌బోర్డ్, పాటలకు ఆదరణను బట్టి స్థానాలిచ్చే హాట్ 100 జాబితాను 1958 ఆగస్టులో మొదలుపెట్టింది. అంతకుముందు దుకాణాల్లో అమ్మకాలకు ఒకటి, రేడియోలో వేసినవాటికి ఒకటి, జ్యూక్ బాక్సుల్లో జనం నాణేలు వేసి విన్నవాటికి ఒకటి చొప్పున వేర్వేరు పాప్ పట్టికలుండేవి. వీటికి తోడు నల్లజాతి శ్రోతల మార్కెట్టుకు రిథమ్ అండ్ బ్లూస్ పట్టిక విడిగా నడిచేది. చక్ బెర్రీ 'మేబెలీన్' 1955లో ఆ పట్టికలో మొదటి స్థానానికి చేరినా, పాప్ పట్టికలో అయిదో స్థానం దాటలేదు. ఫ్యాట్స్ డొమినో 'ఎయింట్ దట్ ఎ షేమ్' కథ మరీ బాధాకరం: రిథమ్ అండ్ బ్లూస్‌లో ఆయనదే అగ్రస్థానం, పాప్‌లో మాత్రం పదో స్థానం. అదే పాటను తెల్లజాతి గాయకుడు ప్యాట్ బూన్ పాడితే అది పాప్‌లో ఒకటో స్థానానికి వెళ్లింది. ఆ రెండు రికార్డుల మీదా ఒకే చీటీ ఉంటే కొనేవారికి ఈ అన్యాయం కనబడదు. బిల్ హేలీ 'రాక్ అరౌండ్ ద క్లాక్' మీద 1954 అని రాసి ఉంది. రికార్డు వచ్చింది ఆ ఏడాదే, అదీ రెండో వైపు పాటగా. ఒక సినిమా ప్రారంభంలో వినిపించిన తర్వాతే 1955 జులైలో అగ్రస్థానానికి చేరి, ఎనిమిది వారాలు అక్కడ నిలిచింది.

ధరలు రికార్డు స్థితిని బట్టి ఉన్నాయి, నాకు ఎక్కువనిపించలేదు. సాయంత్రాలు సందులో బండ్ల హోరు ఎక్కువ కనుక పొద్దున వెళ్తే రికార్డు నాణ్యత సరిగ్గా తెలుస్తుంది.

చీటీల విషయం చెబితే ఆయన నొచ్చుకోలేదు. పట్టిక పేరు, సంవత్సరం, స్థానం రాసిమ్మన్నారు. ఇరవై రికార్డులకు రాసిచ్చాను. వచ్చే ఆదివారం బూన్‌నూ డొమినోనూ వెంటవెంటనే వేసి వినిపిస్తానన్నారు. డొమినో రికార్డు నేనే కొన్నాను కనుక దాన్ని ఇంటి నుంచి పట్టుకెళ్లాలి.