పుల్‌డౌన్ స్క్రీన్: అనంతపురం ఎండలు చూశాక

ప్రొజెక్టర్ బొమ్మ పడడానికి పైనుంచి కిందికి లాగే వంద అంగుళాల పుల్‌డౌన్ స్క్రీన్ మీద నా కోపమంతా గుడ్డలో పడే అలల గురించే. కొత్తలో మడతన్నదే లేకుండా దిగింది. ఒక ఎండాకాలం దాటేసరికి రెండంచులూ ముందుకు ముడుచుకున్నాయి, నడిమధ్యన ఏటవాలు మడతలు తేలాయి. సినిమాలో మనిషి ముఖం కనబడుతున్నంతసేపు ఏమీ తెలియదు. క్రికెట్లో కెమెరా బౌండరీ వైపు తిరిగితే చాలు, గడ్డి కదులుతుంటుంది, దాని మీద నిలువు చారలు మాత్రం కదలవు. న్యూస్ ఛానల్ పెడితే మరీ ఘోరం: కింద స్క్రోలింగ్ అక్షరాలు గుంతల రోడ్డు మీద బస్సులా ఎగిరెగిరి పోతాయి.

గుడ్డ పీవీసీది, వేడికి సాగుతుంది. పక్కల నుంచి దాన్ని లాగిపట్టేది ఏదీ లేదు. పైన అది చుట్టుకునే గొట్టం ఏడడుగుల పైచిలుకు పొడవు, సన్నది. నడుమ అది కాస్త కుంగినా ఆ వంపు మడతగా కిందిదాకా దిగుతుంది. కింది కడ్డీకి బరువు కట్టమని చాలామంది చెబుతారు. కడితే గొట్టం ఇంకా కుంగుతుంది. చూడడానికి రెండు మూడు గంటల ముందే దించి వదిలేస్తే కొంత నయం. రోజంతా దించే ఉంచుదామంటే ఆషాఢం గాలికి ఈ ఊళ్ళో వచ్చే దుమ్ము సంగతి తెలిసిందేగా. కూలర్ గాలి నేరుగా తగిలితే తెర ఊగుతుంది, ఫోకస్ అని దేన్నీ పట్టుకోలేం.

అయితే అల ఎంత కనబడుతుందన్నది తెర చేతిలోకన్నా ప్రొజెక్టర్ ఎక్కడుందన్న దాని చేతిలోనే ఎక్కువ. పదకొండు అడుగుల దూరం నుంచి వెలుగు తెర మీద దాదాపు ఎదురుగా పడుతుంది. గుడ్డ ఆరు మిల్లీమీటర్లు ముందుకు ఉబ్బితే బొమ్మ రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది, అంతే. అదే గోడ పక్కనే పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ అయితే వెలుగు తెరను రాసుకుంటూ పైకి పోతుంది. అదే ఉబ్బుకు పై అంచులో బొమ్మ అంగుళం దాకా వంకరపోతుంది. ఆ రకానికి పుల్‌డౌన్ తెర అసలు వద్దు. దానికోసం అమ్మే పైవెలుతురును ఆపే నల్లచారల తెరను సీలింగ్ ప్రొజెక్టర్‌కు వాడినా దండగే. సీలింగ్ లైటును ఆపినట్టే ప్రొజెక్టర్ వెలుగునూ మింగేస్తుంది.

దూరం లెక్క సులువు. మూల నుంచి మూలకు వంద అంగుళాలుండే తెర వెడల్పు 87 అంగుళాలు, ఎత్తు 49. త్రో రేషియో, అంటే ప్రొజెక్టర్ దూరం తెర వెడల్పుకు ఎన్ని రెట్లుండాలన్నది, 1.5 అయితే 87ని 1.5తో గుణించాలి, 130 అంగుళాలు, అంటే 10 అడుగుల 10 అంగుళాలు. పదహారు అడుగుల హాల్లో చిక్కంతా ఫ్యానుతోనే. అది సరిగ్గా నడుమ, ఎనిమిదో అడుగు దగ్గర తిరుగుతుంటుంది, ప్రొజెక్టర్ దాని వెనక పడుతుంది. కాబట్టి లెన్స్ రెక్కలకన్నా కిందుండాలి. పదడుగుల ఎత్తు స్లాబు నుంచి ప్రొజెక్టర్‌ను వేలాడదీయడానికి రెండడుగుల పైపు సరిపోతుంది. తలకిందులుగా బిగిస్తే చాలా మోడళ్ళలో బొమ్మ పై అంచు లెన్స్ ఎత్తుకు కాస్త కింద మొదలవుతుంది. కింది అంచు నేలకు మూడున్నర, నాలుగడుగుల ఎత్తులో ఆగుతుంది, సోఫాలో కూర్చున్నవాళ్ళకు బాగానే ఉంటుంది. ఎత్తు కుదరలేదని కీస్టోన్ (వంకర బొమ్మను చదరంగా సరిచేసే సెట్టింగ్) తిప్పారో, తెలుగు సబ్‌టైటిల్స్‌లో ఒత్తులు అలుక్కుపోతాయి.

పైపు మాత్రం మందమైనది తీసుకోవాలి. లెన్స్ డిగ్రీలో పదోవంతు కదిలినా ఈ దూరంలో బొమ్మ పావు అంగుళం ఊగుతుంది. షాపుల్లో దొరికే సాగే పైపుల్లో కీలు దగ్గర ఆ మాత్రం వదులు ఉండనే ఉంటుంది. స్లాబుకు నాలుగు 8 ఎం.ఎం. యాంకర్ బోల్టులు చాలు. బండల మిద్దె అయితే బండకు డ్రిల్లు పెట్టొద్దు, దూలానికే పట్టీ వేయించండి. ఈ పొడుగు పైపుతో అనుకోని లాభం ఒకటి కలిగింది. మే నెల సాయంత్రం స్లాబు ఇంకా సెగలు కక్కుతుంటుంది, చాలా ప్రొజెక్టర్ల హద్దేమో 35, 40 డిగ్రీలు. రెండడుగులు కిందికి రావడంతో వేడి హెచ్చరిక రావడం బాగా తగ్గింది.

మరి ఈ తెర కొనొచ్చా? నాకైతే తెర వెనక గోడలో అల్మరా ఉంది, రోజూ తెరవాలి, అందుకే దీంతోనే సర్దుకుంటున్నాను. డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే పక్కల తాళ్ళతో గుడ్డను లాగిపట్టే టాబ్ టెన్షన్ రకం చూడండి. గోడ ఖాళీగా ఉంటే ఫ్రేమ్ తెరకు మించింది లేదు. అదీ వద్దనుకుంటే లప్పం రెండు కోట్లు పెట్టించి, ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దించి, మెరుపు లేని తెల్ల ఎమల్షన్ వేయించండి. అలలన్న మాటే ఉండదు. మెరిసే పెయింట్ అయితే నడుమ వెలుగు మచ్చ పడుతుంది.

ఏది తీసుకున్నా, డ్రిల్లు పట్టేముందు ప్రొజెక్టర్‌ను అనుకున్న చోట నిచ్చెన మీద పెట్టి, ఫ్యాను ఐదులో తిప్పి, చీకటి పడ్డాక ఒక గంట వేసి చూడండి. రెక్కల నీడ పడితే పైపు ఎంత పొడుగుండాలో అప్పుడే తేలిపోతుంది.