కోటిపల్లి బండి లేని ప్రయాణం

2018లో కాకినాడ టౌన్ నుంచి గోదారి ఒడ్డున ఉన్న కోటిపల్లికి రైలుబస్సులో వెళ్లాను. ఒకే ఒక్క బోగీ. గేటు వచ్చినప్పుడల్లా ఆగేది. లోపలున్న గేట్‌మ్యాన్ దిగి గేటు వేసి, బండి దాటాక మళ్లీ తీసి, పరుగున వచ్చి ఎక్కేవాడు. కరపలో ఒకావిడ తోటకూర గంప ఎక్కించేదాకా బండి కదల్లేదు. 45 కిలోమీటర్లకి రెండు గంటలు దాటింది.

2023 కార్తీకంలో మళ్లీ వెళితే ఆ బండి లేదు. కోవిడ్‌కి ఆగింది, ఆగిందే.

ఇక బస్సే గతి. రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామానికి బస్సులకి లోటు లేదు గానీ, కార్తీక సోమవారం నిలబడ్డానికీ చోటుండదు. భీమేశ్వరుణ్ణి తెల్లారకముందే చూసుకోవాలి, రెండంతస్తుల లింగం ముందు అప్పుడే కాస్త తీరుబడి. రాత్రి బస మాత్రం నా బుద్ధితక్కువ. లాడ్జిలో వేడినీళ్లంటే బకెట్టుకి ముప్పై అన్నారు, వచ్చినవి గోరువెచ్చన కూడా కాదు. కాకినాడలోనే గది తీసుకుని పొద్దున్నే బయల్దేరడం మేలు, గొట్టం కాజాలూ దొరుకుతాయి.

కోటిపల్లి స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ధాన్యం ఎండబోశారు. పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు. ఈ లైనుకిది కొత్త కాదు. 1928లో వేసి, 1940లో యుద్ధం కోసం పట్టాలు పీక్కుపోయారు. లోక్‌సభ స్పీకరుగా బాలయోగి గారు పట్టుబట్టి మళ్లీ కదిలించారు. 2004లో బండి నడిచేనాటికి ఆయన లేరు. అసలు ఆలోచన కోటిపల్లితో ఆగిపోవడం కాదు. గోదారి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరాలి, ఇంకో 57 కిలోమీటర్లు. రాష్ట్రం వాటా, కేంద్రం నిధులు అంటూ ఇరవై ఏళ్లు దాటింది. కోవిడ్‌కి ఆగిన బండిని జనం ఎక్కరని మళ్లీ నడపకపోతే ఎలా? గోదారి ఒడ్డున ఆగిపోయే రైలు ఎవరెక్కుతారు?

రేవులో నది దాటించే పంటు (బల్లకట్టు పడవ) ఎక్కాను. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా బాగున్నది అదే. బైకులు, గేదె, పెళ్లివాళ్లు, అందరం ఒకే చెక్కబల్ల మీద. నదిలో రైలు వంతెన స్తంభాలు తల మీద ఏమీ లేకుండా నిలబడి ఉన్నాయి.

"రైలెప్పుడండీ?" అన్నాను.

"వత్తే మా పంటు మూసెయ్యాలి కదండీ, మమ్మల్నే అడుగుతారేంటి?" అని నవ్వాడు పంటు కుర్రాడు.

ముక్తేశ్వరంలో దిగి, అమలాపురం వెళ్లి, ఎదుర్లంక దగ్గర రోడ్డు వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ వచ్చేశాను. ఆ వంతెనకి బాలయోగి గారి పేరే పెట్టారు.